అరనూలు బండి చప్పుడు

మా మరిదిని వర్క్‌షాపులో అందరూ అరనూలు అంటారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వడ్రంగులూ ఫిట్టర్లూ వాడే కొలత. అందులో సగం తేడా వచ్చినా ఆయన ఒప్పుకోడు, విప్పి మళ్ళీ మొదలుపెడతాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నీళ్ళ పంపులు బాగుచేస్తున్నాడు. ఆయన చేతిలోంచి వెళ్ళిన పంపు మళ్ళీ తమ గుమ్మం తొక్కలేదని యజమాని గొప్పగా చెప్పుకుంటాడు. ఊళ్ళోవాళ్ళ పంపుల సంగతి సరే, సొంత వంటింట్లో కుళాయి మూడేళ్ళు కారింది. నా చెల్లెలు దాని కింద చెంబు పెట్టుకుని కాపురం చేసింది.

నేను ఆయన భార్యకు అక్కని, ఆయనకు వదినని. నా నోరు మంచిది కాదు. ఇంకొకరు చెప్పేలోపు నేనే చెప్పుకుంటే నయం. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు కాబట్టి, చెల్లెలు పడిపోయిందని కబురు రాగానే రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని వచ్చేశాను. వారం ఉండి వెళ్దామనుకున్నాను.

పొయ్యి దగ్గర నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయిందట. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట పోయింది. కళ్ళు తెరిచే ఉంటాయి గానీ ఎవరినీ చూడవు. నన్ను చూడదు, ఆయన్నీ చూడదు. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పేసింది. ఆరు నెలల్లోపు దేన్నయినా కాస్త గుర్తుపడితే ఆశ ఉందట. తెలిసిన గొంతులు, తెలిసిన చప్పుళ్ళు వినిపిస్తూ ఉండమంది. ఆ తర్వాత వచ్చేది తక్కువేనట. మరిది అంతా విని, ఆరు నెలలంటే సరిగ్గా ఏ తేదీ వరకూ అని అడిగాడు. కొలతల మనిషి కదా.

గొంతులు వినిపించాం. ఆయన పక్కన కూర్చుని పేపరు చదివేవాడు. నేను చిన్నప్పటి పాటలు పాడాను, అవి అయిపోయాక చిన్నప్పటి తిట్లు తిట్టాను. గోడకి చెప్పినా ఒకటే, దానికి చెప్పినా ఒకటే.

రెండో నెల చివర్లో ఒక సాయంత్రం దానికి తల దువ్వుతున్నాను. వీధిలోంచి ఏదో పాత మోటారుసైకిలు గలగలమంటూ పోయింది. చెల్లెలి ఎడమ చెయ్యి మెల్లగా లేచి, చెంప మీద పడ్డ జుట్టుని చెవి వెనక్కి తోసుకుంది. గుమ్మంలో నిలబడ్డ మరిది అది చూశాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ జుట్టు తోసుకోవడం సంగతి మా ఇద్దరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎక్కడో పాతదొకటి కొనుక్కొచ్చాడు, ఎద్దులాంటి మోటారుసైకిలు. ఇరవై రెండేళ్ళు సాయంత్రం ఆరింటికి దాని మీదే ఇంటికొచ్చాడు. వీధి మలుపులో చప్పుడు వినపడగానే నా చెల్లెలు చేతులు కడుక్కుని, జుట్టు చెవి వెనక్కి తోసుకుని, టీకి నీళ్ళు పడేసి, ఆయన బండికి స్టాండు వేసేలోగా తలుపు తీసేది. వచ్చేది యువరాజు కాదే, జిడ్డోడుతున్న పంపుల మేస్త్రీ అని నేను ఏడిపించేదాన్ని. ఆ బండి సైలెన్సర్ లోపల రేకు ఒకటి వదులై గలగలలాడేది, ఇంజిన్ మధ్యమధ్యలో ఠక్కుమనేది. దాన్ని బాగుచెయ్యమని చెల్లెలు రోజూ పోరేది. వీధంతా నవ్వుతోందనేది. ఈ ఆదివారం చేస్తాననేవాడు ఆయన. ఆ ఆదివారం ఇరవై రెండేళ్ళలో రాలేదు. నాలుగేళ్ళ కిందట ఇంజిన్ పట్టేసి, కదలనని మొండికేస్తే, దాన్ని ఇంటి పక్క షెడ్డులోకి నెట్టి బస్సెక్కడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రమే వెళ్ళి షెడ్డు తలుపు తీశాడు. బండి మీద పాత గోనెసంచులు, సీటులో ఎలకల గూడు. ఒక్కొక్కటే విప్పాడు. ట్యాంకు, సీటు, చక్రాలు, ఆఖరికి ఇంజిన్. ఆయనకో పద్ధతి ఉంది. నేల మీద తెల్ల దుప్పటి పరుస్తాడు. విప్పిన ప్రతి ముక్కనీ దాని మీద పెట్టి, చుట్టూ పెన్సిలు గీత గీస్తాడు. బోల్టుకి బోల్టు గీతే, వాషరుకి వాషరు గీతే. తుడవడానికి తీసిన ముక్క మళ్ళీ తన గీతలోకే రావాలి. పిస్టన్ మాత్రం సిలిండర్‌కి అతుక్కుపోయి రాలేదు. కిరసనాయిలు, నూనె కలిపి పోసి, చెక్కముక్క పెట్టి రోజూ పొద్దున్నా సాయంత్రం నాలుగేసి దెబ్బలు కొట్టేవాడు. గట్టిగా కొడితే పగులుతుందట. పంతొమ్మిది రోజులు అలా బతిమాలాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో ఉన్నవి ఏడు దుప్పట్లు. చెల్లెలికి రోజుకి మూడు మార్చాలి. వానలు పట్టుకుని ఏదీ ఆరదు. అందులో మంచివి రెండు తీసుకెళ్ళి ఇనప ముక్కలకి పక్క వేశాడీయన. ఒకరోజు తడి దుప్పటి మీద దాన్ని పడుకోబెట్టలేక, నేల మీదే కూర్చోబెట్టి షెడ్డులోకి వెళ్ళాను. ఆయన ఏదో చిన్న స్ప్రింగుని పాత పళ్ళబ్రష్షుతో తోముతున్నాడు. అంతవరకూ ఆయన్ని మీరు అనే పిలిచాను, ఆ రోజు నోరు జారింది.

“దాన్ని తోమినన్నిసార్లు నా చెల్లెలి మొహం తుడిచావా నువ్వు?”

ఆయన బ్రష్షు కింద పెట్టాడు.

“మొహం తుడిస్తే నన్ను చూడదు వదినా. ఈ చప్పుడుకి చెయ్యెత్తింది.”

దుప్పటి అడగలేదు. ఇంట్లోకొచ్చి కిటికీ పరదా విప్పి చెల్లెలి కింద పరిచాను.

ఇరవయ్యో రోజున పిస్టన్ కదిలింది. ఆ తర్వాత ఆయనకి పట్టపగ్గాల్లేవు. సిలిండర్ లేతు మిషను మీద సాఫు చేయించాడు, కొత్త పిస్టన్ వేశాడు, చక్రాల ఊచలు బిగించాడు, ట్యాంకు తుప్పంతా గీకి రంగు వేశాడు. సైలెన్సర్ కోసి, లోపలి వదులు రేకు పీకేసి, కొత్తది అతికించాడు. ఇన్నాళ్ళకి నా చెల్లెలి మాట చెల్లిస్తున్నానని నాతో అన్నాడు. పాత ముక్కలన్నీ ఒక బకెట్లో వేసి షెడ్డు మూల పెట్టాడు. ఇల్లు కాస్త మనుషులుండేలా చేద్దామని, పాత ఇనపసామాను వాడు వీధిలోకి వస్తే ఆ బకెట్ నేనే ఎత్తి ఇచ్చేశాను.

అయిదున్నర నెలలు నిండాక బండి లేచింది. సాయంత్రం ఆరింటికి మలుపు దాకా వెళ్ళి వస్తానన్నాడు. నేను చెల్లెలికి తల దువ్వి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. చప్పుడు వచ్చింది. మెత్తగా, బుద్ధిగా, కుట్టుమిషనులా వచ్చి గుమ్మం ముందు ఆగింది. చెల్లెలు గోడనే చూస్తోంది. ఆయన మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. అలా ఆరుసార్లు. ఏడోసారి బండి దిగి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

నేను కూడా గోడకి జారబడి కూర్చున్నాను. అప్పుడు తట్టింది నాకు, ఇంతసేపూ చెవుల ముందే ఉన్నది.

“ఇది మన బండి చప్పుడు కాదు మరిదిగారూ. మీరు బాగుచేసేశారు.”

ఆయన తల పట్టుకున్నాడు. అంత కొలతల మనిషికీ ఆ మాట తట్టలేదు. రోగాన్ని చూస్తే నయం చెయ్యకుండా ఉండలేని చెయ్యి అది. ఇరవై రెండేళ్ళు నా చెల్లెలు వినీ వినీ విసుక్కున్న గలగలని, ఆ ఒక్క గుర్తుని, వెతికి మరీ తీసిపారేశాడు. కాసేపటికి లేచి పాత రేకు కోసం షెడ్డు మూలకి వెళ్ళాడు. బకెట్ ఏదని అడిగాడు. పాత సామాను వాడికి ఇచ్చేశానని చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే నేనే పాత ఇనప దుకాణానికి వెళ్ళాను. బకెట్ దొరికింది. అందులో వాళ్ళు మేకులు పోసుకున్నారు. ఇనుమంతా ముందురోజే లారీలో కరిగించే చోటికి వెళ్ళిపోయిందట. అయినా మిగిలిన కుప్పలన్నీ చేత్తో తిరగేశాను. అరచేయి కోసుకుంది. దుకాణం వాడు అంత విలువైనదా అమ్మా అని అడిగాడు. తుప్పుపట్టిన రేకు అని చెప్పాను.

ఆరు నెలలకి ఇంకా పదకొండు రోజులున్నాయి. బండిని మళ్ళీ పాడుచెయ్యమన్నాను. ఆయన స్పానరు పట్టుకుని బండి ముందు గొంతుక్కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

“నాకు చెడగొట్టడం రాదు వదినా.”

ఏడ్చాడు. ఏడుస్తూనే సైలెన్సర్ కోశాడు. కొత్త రేకుని ఒకవైపు వదులు చేశాడు, ఇంజిన్‌లో ఠక్కుమనడానికి ఎక్కడ సందు పెంచాలో అక్కడ పెంచాడు. ఆ పదిరోజులూ మేమిద్దరం ఆ షెడ్డులో చేసింది ఎవరైనా చూసి ఉంటే మమ్మల్నే ఆసుపత్రిలో చేర్చేవాళ్ళు. ఆయన స్టార్టు చేసేవాడు. గలగల ఎక్కువైంది, ఠక్కు తక్కువైంది అని నేను అనేదాన్ని. కాదు, మూడు డుగ్గులకి ఒక ఠక్కు అని ఆయన. కాదు, నాలుగుకి అని నేను. యాభై దాటిన ఇద్దరం నోటితో డుగ్‌డుగ్‌మని పోట్లాడుకున్నాం. ఒకసారి నవ్వు కూడా వచ్చింది. నవ్వాక సిగ్గేసి ఎవరి పనిలో వాళ్ళం పడ్డాం. రేకుని మళ్ళీ విప్పడం, అరనూలు కొయ్యడం, మళ్ళీ బిగించడం.

గడువుకి ఆఖరి రోజు సాయంత్రం ఇద్దరం చాలనుకున్నాం. ఆయన బండి తీసుకుని మలుపు అవతలికి వెళ్ళాడు. నేను చెల్లెలి మంచం పక్కన కూర్చున్నాను. ఏమీ దువ్వలేదు, ఏమీ సర్దలేదు. ఈసారి ఆశ పెట్టుకునే ఓపిక నాకు లేదు.

ఆరయింది. మలుపులో గలగల మొదలైంది. డుగ్ డుగ్ డుగ్ ఠక్.

చెల్లెలి తల తిరిగింది. కళ్ళు గోడని వదిలి గుమ్మం మీదికి వెళ్ళాయి. ఎడమ చేతిని రెండువైపులా దుప్పటికి తుడుచుకుంది, చేతులు కడుక్కున్నాననుకుంది కాబోలు. జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. పెదాలు కదిలాయి. ఆరు నెలల్లో మొదటి మాట, గాలిలాంటి మాట, నేను వంగి విన్నాను.

“వచ్చారు.”

నేను అరిచానో ఏడ్చానో నాకు తెలియదు. ఆయన స్టాండు వేసిన చప్పుడైంది, పరుగెత్తుకొచ్చాడు. చేతులనిండా మసి, మొహం నిండా చెమట, గడ్డం మాసిపోయి ఉన్నాడు. మంచం ముందు నిలబడి దాని పేరు పెట్టి పిలిచాడు.

అది ఆయన్ని చూసింది. నిజంగానే చూసింది, ఎవరో తెలియనివాళ్ళు ఎదురొస్తే చూసినట్టు. తర్వాత కాస్త పక్కకి వంగింది. ఆయన భుజం మీదుగా గుమ్మంలోకి చూడాలని మెడ సాచింది. జుట్టు ఇంకోసారి సవరించుకుంది.

ఆయనకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నాకు ముందే అర్థమైంది, కానీ చెప్పడానికి ఇంత చెడ్డ నోరూ పెగల్లేదు. ఆయన ఇంకోసారి పిలవలేదు. నేనే నీ మొగుణ్ణి అనీ అనలేదు. దానికి గుమ్మం కనబడాలని అడ్డం తప్పుకుని గోడ పక్కకి నిలబడ్డాడు.

అది గుమ్మాన్నే చూస్తోంది. ఎవరూ రాకపోయేసరికి కళ్ళు మెల్లగా మళ్ళీ గోడ వైపు తిరగబోయాయి. ఆయన గబగబా బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. ఇంజిన్ ఆపే ఉంచి, చప్పుడు కాకుండా, బండిని మలుపు దాకా తోసుకుంటూ పోతున్నాడు.

నేను లేచి టీకి నీళ్ళు పెట్టాను, తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాను.