పక్కగదిలో గురక

విమానాశ్రయం మొదలైన కొత్తలో మా ఆయనకు అక్కడి సరుకుల గోదాములో బండి నడిపే పని దొరికింది. రాత్రి డ్యూటీ. పొద్దున్నే తొండుపల్లిలోని మా ఇంటికి వచ్చి, తిని, సాయంత్రం దాకా పడుకునేవాడు. ఆ గురక భరించలేక నేను కుట్టుమిషన్ పక్కగదిలోకి మార్చుకున్నాను. తలుపు వేసుకుని జాకెట్లు కుట్టుకునేదాన్ని. సెలవు రోజు రాత్రి కూడా అక్కడే పడుకునేదాన్ని.

ఎంత పడుకున్నా ఆయనకు నిద్ర తీరేది కాదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు వాక్యం చెబుతుంటే తల వాల్చేసేవాడు. ముందు వరుసలవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. చాటుగా తాగుతున్నాడని నాకు అనుమానం పుట్టింది. ఒకరోజు మా ఆడబిడ్డ ముందరే అడిగేశాను.

"తాగలే. గింత నిద్ర ఎందుకొస్తుందో నాకు గూడ సమజైతలేదు," అన్నాడు. నేను నమ్మలేదు.

కొన్నాళ్లకు గోదాములో బండి మీదే కునికి, పేర్చిన పెట్టెలను గుద్దాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, బండి తీసేసుకుని అదే షిఫ్టులో సామాన్లు సర్దే పనికి వేశారు. ఆడబిడ్డే పట్టుబట్టి మమ్మల్ని శంషాబాదులో చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ దగ్గరికి పంపింది. ఆమె ముక్కులో లైటు వేసి చూసింది, నోరు తెరిపించి గొంతు చూసింది, టేపుతో మెడ కొలిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నిద్రలో ఈయనకు ఊపిరి ఆగుతోందా అమ్మా? అది పక్కన పడుకునేవాళ్లకే తెలుస్తుంది."

చూసి చెబుతానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మంచం పక్కన కూర్చున్నాను. గురక పెరిగి పెరిగి ఠక్కున ఆగిపోయింది. ఛాతీ ఎగసిపడుతోంది, గాలి మాత్రం ఆడడం లేదు. భయపడి భుజం పట్టుకోబోయేంతలో, నీళ్లలో మునిగి తేలినవాడిలా గట్టిగా పీల్చాడు. కాసేపటికి మళ్లీ అంతే. నేను తలుపవతల ఉన్నన్నాళ్లూ ఆయన ఇలాగే ఒంటరిగా కొట్టుకున్నాడన్నమాట.

నిద్ర పరీక్షలోనూ అదే తేలింది. ముక్కులో ఎముక వంకరగా ఉందని, ఆపరేషన్ చేసినా అదొక్కటే చాలదని, గొంతులో దారి మూసుకుపోకుండా గాలి పంపే మిషన్ పెట్టుకుని పడుకోవాలని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. రెండూ అయ్యాక మెల్లగా ఆయన తేరుకున్నాడు. మళ్లీ బండి ఇచ్చారు.

ఆడబిడ్డను పిలిచి, ఆమె ముందే నన్ను క్షమించమని ఆయనను అడిగాను.

"ఇగ ఇడిచిపెట్టు. నాకే ఎరుక లేకపాయె, నీకెట్ల ఎరుకైతది," అన్నాడు.

ఆరోజు ఆయన నన్ను నాలుగు మాటలంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.