మార్తమ్మ మసాలా కారానికి మరమ్మతు

మార్కాపురం బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం నడిపే కృపాకర్‌కు జీతం లేని పని ఇంకొకటి ఉంది. చర్చిలో పాటలను తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఉచితంగా తయారుచేస్తున్నారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. అందులో కొంత కోడ్ వాళ్లు రాసింది కాదు. బయటివాళ్లు రాసుకున్నదాన్ని తెచ్చి ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నారు. ఆ ఫోల్డర్‌కు కాపలా కృపాకర్.

మొదట్లో, చరణాలు మార్చే కోడ్ ముక్క మరీ తొందరపడుతోందని ఆ ఫోల్డర్‌లో తనే సరిచేశాడు. రాసినాయనకు చెప్పలేదు. కొన్నాళ్లకు ఆయన దగ్గరనుంచి కొత్త కాపీ వచ్చింది. పాతది తీసి అది పెట్టగానే కృపాకర్ మరమ్మతు కాస్తా కొట్టుకుపోయింది. ఈస్టర్ ఆరాధనలో చరణాలు తెర మీద పరుగెత్తాయి. పాడేవాళ్లు వాటి వెనక పరుగెత్తారు. పాస్టరుగారు కళ్లు మూసి తెరిచేలోపు పాటలన్నీ అయిపోయాయి. ఎండెక్కకముందే ఇల్లు చేరామని జనం సంతోషించారు గాని కృపాకర్‌కు తల కొట్టేసినట్టయింది.

అప్పటినుంచి ఒకే మాట పట్టుకున్నాడు. బయటినుంచి వచ్చినదాన్ని మన దగ్గర మార్చకూడదు. తప్పుంటే చేసినవాళ్లకే చెప్పాలి. వాళ్లు దిద్దితే అందరికీ దిద్దినట్టే.

ఆ మాటను ఇంట్లోకి కూడా తెచ్చాడు. అత్తగారు పెట్టిన బీరువా తలుపు పడకపోతే, బీరువాను ఆటోలో వేసుకుని కంభంలో ఆమె ఇంటికే పోయాడు. అక్కడ తలుపు చక్కగా పడింది. వంకర బీరువాకు కాదు, మార్కాపురంలో తన ఇంటి నేలకు.

ఆ తర్వాత మసాలా కారం వంతు వచ్చింది. కృపాకర్ భార్య దయామణి. ఆమె తల్లి మార్తమ్మ కంభంలో కారం కొట్టి పిల్లలందరికీ డబ్బాలు పంపుతుంది. భర్త విశ్వాసంగారు చనిపోయినప్పటినుంచి ఆమె చేతిలో లవంగాలు ఎక్కువవుతున్నాయి. నోట పెట్టుకోలేక దయామణి ధనియాల పొడి కలుపుతోంది. కురిచేడులో ఆమె అక్క మగ్దలీనమ్మ ఎండుకొబ్బరి కలుపుతోంది. తల్లి ఒక్కతే, రుచి మాత్రం ఇంటికొకటి. ఎవరూ ఆమెతో అనరు. ఆయన పోయాక ఆమె లేచి ఇష్టంగా చేసే పని అదొక్కటే.

“ఆ మాటంటే మాయమ్మ రోకలి మూలన పెట్టి మంచం పడతాది. నీ రూలు నీ కంప్యూటర్లో పెట్టుకోయ్యా,” అంది దయామణి.

కృపాకర్ వినలేదు. డబ్బా పట్టుకుని కంభం బస్సెక్కాడు. దయామణి తిట్టుకుంటూ వెంటపోయింది. అత్త ముందు డబ్బా పెట్టి, ఫోల్డర్ పద్ధతిలోనే ఏం తగ్గించాలో, ఏం కలపాలో, ఎందుకో వివరించాడు.

 దయామణి మాత్రం తల్లి మొహం వైపు చూడలేకపోయింది. మార్తమ్మ డబ్బా మూత తీసి వాసన చూసి, పెద్దదేం కలుపుతోందని అడిగింది. కొబ్బరి సంగతి కూడా కృపాకర్ దాచలేదు.

“అట్లనా. ఆ డబ్బా గూడ తెప్పీ,” అంది.

ఆదివారం ఆరాధన కాగానే మగ్దలీనమ్మ కురిచేడు డబ్బా పట్టుకుని రైల్లో వచ్చింది. మార్తమ్మ పీట వేసుకుని విచారణ మొదలుపెట్టింది. ఒక్కో చిటికె నాలుక మీద వేసుకుని, ఎంత కలిపారు, ఎవరు కలపమన్నారు అని నిలదీసింది. మగ్దలీనమ్మ నసిగితే, బయటికి పోయి ఆలోచించుకుని రమ్మంది. పొద్దు వాలేసరికి లవంగాలు తగ్గించడానికి ఒప్పుకుంది. కొబ్బరికీ ఒప్పుకుంది. అల్లుడు అడిగిన ధనియాలను మాత్రం తోసిపుచ్చింది.

“ఎందుకు వద్దత్తా?”

“మీ మామకు పడవు.”

పోయిన మనిషికి పడకపోవడమేమిటని కూతుళ్లు మొహాలు చూసుకున్నారు. కృపాకర్ మాత్రం, అది సరైన కారణమేనన్నట్టు తలూపాడు. ఆ ఫోల్డర్‌లోనూ అంతే మరి. ఎక్కడో ఒకరికి పడదంటే మిగతావాళ్లు సర్దుకోవాల్సిందే.

మర్నాడు మార్తమ్మ కొంగు బిగించి రోకలి అందుకుంది. ఇకమీద ఇళ్లలో ఎవరూ ఏదీ కలపకూడదని, కావాలంటే తనను అడగమని హెచ్చరించింది.

ఇప్పుడు దయామణి ధనియాల డబ్బా మీద చెయ్యి వేస్తే, ముందు మీ అమ్మనడుగు అంటాడు కృపాకర్. పొయ్యి మీద కూర పెట్టి రోజూ ఆమె కంభానికి ఫోన్ చేస్తుంది. రోజూ మార్తమ్మ వద్దంటుంది. ఎందుకు వద్దో చెప్పడం మొదలుపెడితే కూర అడుగంటేదాకా ఆపదు.