గిడస అనే మాట

నిన్న సాయంత్రం తలుపు చట్రం మీద ఎత్తు గీత గీయబోతూ కిందికి చూస్తే, నా కూతురి మడమలు నేల మీద లేవు. మునివేళ్ల మీద నిలబడి ఊపిరి బిగబట్టి ఉంది. ఏడాదిన్నర చిన్నవాడైన తమ్ముడి గీత అప్పటికే దాని గీతను దాటిపోయింది.

"అమ్మా, గిడస అంటే ఏంది? అత్త నన్ను అట్ల అనింది. రేపు ఫోటో తీస్తారంట, నేను ఇస్కూలుకు పోను."

మా ఆళ్లగడ్డలో ఆ మాటను వాన చాలక ఎదుగు ఆగిపోయిన జొన్నచేనును చూసి అనేవారు, పాలు చాలని దూడను చూసి అనేవారు. చేనుకు వినపడదు. నాకు వినపడింది. మూడో తరగతిలో తోటి పిల్లలు వరస చివరికి నన్ను తోసి అదే పేరుతో పిలిచిన రోజున, ఏడుస్తూ తాత పాకలోకి పోయాను. అమ్మకు నాన్న అయిన ఆ తాత రాతి విగ్రహాలు చెక్కేవాడు. ముందు విగ్రహం ముఖం పొడవెంతో ఖాయం చేసుకుని, దారాన్ని ఆ పొడవుకు తెంపి, మిగిలిన ఒళ్లంతా ఆ దారంతోనే కొలిచేవాడు.

"ఏందిమే, ఏడుస్తాండావ్? ఈడ కూర్చో" అని, జానెడు లక్ష్మినీ నిలువెత్తు నరసింహస్వామినీ చూపించాడు. "యా బొమ్మకైనా దాని మొగమే దానికి కొలత. పక్కబొమ్మ దారం పెట్టి కొలిస్తే దేవుడైనా గిడసే."

తాత పోయాడు, పాకలో ఇప్పుడు రాళ్లు కోసే మిషన్లు తిరుగుతున్నాయి. ఈ నంద్యాలలో నేనేమో ఫోనులో ఊరూపేరూ తెలియని పిల్లల ఎత్తులు వెతుక్కుంటూ, ఏ దారంతో ఎవరిని కొలుస్తున్నానో మరచిపోయాను. డాక్టరుకు చూపిస్తాను, ఆ దిగులు నన్ను వదలదు. అది వేరే సంగతి.

పొద్దున లేవగానే పిల్లలిద్దరి ముఖాలూ కొలిచి దారాలు తెంపి, ఎవరి దారం వాళ్ల చేతిలో పెట్టాను. వాడు వెంటనే తన దారంతో అక్కను కొలవబోయాడు.

"నీది నీకే నాయనా, దాంతో అక్కను కొలిస్తే తప్పొస్తాది" అన్నాను. తర్వాత దానికి జడ వేస్తూ చెప్పాను, "ఫోటోలో ముందు వరసలోనే నిలబడు పాపా. మొగం బాగా కనపడేది ఆడనే."