మేకు దిగని టైర్లు

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. అలాగే పంక్చర్లు వేసేవానికి లోకమంతా మేకులమయంగా కనిపించడంలో వింత లేదు. మేకుల మామయ్యగా పేరుపడిన ఆ పెద్దమనిషి ఇరవై ఆరేళ్లుగా ఒకే రేకుల షెడ్డులో, ఒకే నీళ్లతొట్టి ముందు కూర్చొని, గాలి బుడగ ఎక్కడ లేస్తుందా అని మహర్షి నాసాగ్రాన్ని చూచినంత ఏకాగ్రతతో చూస్తూ వచ్చాడు. బాగున్న టైరు ఏనాడూ ఆయన గడప తొక్కలేదు. వచ్చినవన్నీ క్షతగాత్రాలే. కనుక టైరుకు పరమధర్మం ఒక్కటేనని, అది మేకు దిగకుండా ఉండటమేనని ఆయన నిశ్చయించుకున్నాడు.

అటువంటివాడు యాభయ్యో ఏట ఒక పాత కారు కొన్నాడు. కొన్నది భార్య కోసం. ఆమె సిటీబస్సులో కండక్టరు. పొద్దుటినుంచి నిలుచునే పని; సాయంత్రం ఐదింటికి డ్యూటీ దిగి, ఇల్లు చేరడానికి మళ్లీ ఇంకో బస్సులో కమ్మీ పట్టుకొని వేలాడుతుంది. ఇకమీదట ఆమెను డిపో గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా మహారాణిలా కూర్చోబెట్టి తేవాలని ఆయన కోరిక. కోరికకు వంక పెట్టలేము. వంకంతా టైర్ల దగ్గరే వచ్చింది.

సరకులు మోసే వ్యాన్లకు వేసే టైర్లు తెచ్చి ఆ చిన్న కారుకు తొడిగాడు. వాటి పక్కగోడలు రాతిపలకలు. నేలను తాకే మిట్టలు ఒక్కొక్కటి పిడికెడు. తలుపు అంచున అతికించిన చీటీ గాలి ముప్ఫై రెండు చాలునని చెబుతున్నా, ‘చీటీ రాసినవాడికి మేకుల సంగతేం తెలుసు’ అనుకొని నలభై అయిదు పట్టించాడు. కర్ణునికి కవచం పుట్టుకతో వచ్చింది; ఆ కారుకు మామయ్య వాత్సల్యం వల్ల వచ్చింది.

మొదటి సాయంత్రం ఆమె ఎక్కింది. పది గజాలు పోయేసరికి కారు ఊళ పెట్టసాగింది.

“ఎలా ఉంది?” అని అడిగాడాయన.

“ఆఁ?”

“ఎలా ఉందీ అంటున్నా!”

“దిగాక చెప్తా!”

దిగాక చెప్పింది. “ఏవండీ, పాలసముద్రాన్ని చిలికితే అమృతమన్నా వచ్చింది. నా కడుపు చిలికితే ఏమొస్తుందో నేను చెప్పను, మీరడగొద్దు.”

వారం ఓర్చింది. ఎనిమిదో నాడు కారు తలుపు తెరిచి నిలుచున్న భర్త ముందు నుంచే నడిచి వెళ్లి బస్సెక్కింది. “పగలంతా కుదుపులు పడడానికి నాకు జీతమిస్తారు. సాయంత్రం ఊరికే ఎందుకు పడాలి?” అంది. కమ్మరి వీధిలో సూదులమ్మడమంటే ఇదే.

పుండు మీద కారం చల్లడానికి, ఆ బస్సు నడిపేది స్వయానా బావమరిది. అతడు కిటికీలోంచి తల బయటపెట్టి, “బావా, నీ కారుకు హారను దండగ, పీకెయ్! రెండు వీధుల అవతల నుంచే మా డిపోకంతా తెలుస్తోంది!” అని అరిచి, అక్కను ఎక్కించుకొని పోయాడు.

మామయ్య సీట్లలో కొత్త స్పాంజి పెట్టించాడు. షాకబ్జార్బర్లు మార్పించాడు. తలుపులకు రబ్బరు పట్టీలు వేశాడు. టైర్ల జోలికి మాత్రం పోలేదు. దేవుణ్ణి ఎవరైనా అనుమానిస్తారా? కారు యథాప్రకారం ఊళ పెట్టింది. ఖాళీ సీటును పక్కన పెట్టుకొని రోజూ తిరిగివస్తూంటే, పంక్చరు పడలేదన్న ఆనందం ఆయనకు నానాటికీ చప్పబడింది.

ఆదివారం నాడు ఇంటికి వచ్చిన బావమరిది టైరును కాలితో ఒక్క తన్ను తన్ని, పాదం పట్టుకొని కూలబడ్డాడు.

“ఇది బరువు మోసే టైరు బావా! మీద టన్ను సరకు పడితేగానీ నలగదు. టైరు నలిగితేనే గుంత అందులో కలిసిపోయేది. నలగకపోతే గుంతను తిన్నగా నడుముకి అప్పగిస్తుంది. అక్కేమైనా టన్నుందా?”

“ఏరా, నా బరువు గోల ఇప్పుడెందుకు?” అంటూ ఆమె గుమ్మంలోకి వచ్చింది.

“మెత్తటివి వేస్తే మేకు దిగుతుంది కదే!” అన్నాడు మామయ్య. ఆయన గొంతులో నిజమైన బెంగ ఉంది.

“దిగితే దిగనివ్వండి. పంక్చరు వేసేవాడు నా పక్కనే కూర్చుంటాడుగా!”

ఇరవై ఆరేళ్ల తపస్సులో తట్టని సంగతి అది.

మర్నాడే కారు టైర్లు వేయించాడు. వీటి పక్కగోడలు వేలితో నొక్కితే లొంగాయి. మిట్టలు చిన్నవి, ఒకదాని కొలత ఒకదానికి లేదు. అన్నీ ఒకే కొలతైతే ఒకే శ్రుతిలో ఊళ పెడతాయనీ, హెచ్చుతగ్గులుంటే మోత చెదిరిపోతుందనీ దుకాణదారు వివరించాడు. మామయ్య గాలి ముప్ఫై రెండు దగ్గర ఆపి, ఇంకాస్త పట్టిద్దామని రెండుసార్లు చెయ్యి చాచి, రెండుసార్లూ వెనక్కు తీసుకున్నాడు.

సాయంత్రం ఆమె గేటు దగ్గర నిలిచి కారునూ, తమ్ముడి బస్సునూ మార్చి మార్చి చూచింది.

“ఒక్క స్టాపు దాకే వస్తా. బాగోలేకపోతే దిగి వాడి బస్సెక్కుతా.”

తలుపు పైన ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకొని కూర్చుంది. స్పీడుబ్రేకరు వచ్చింది, కారు ఒకసారి వంగి లేచింది, అంతే. ఆమె ఒక చెయ్యి వదిలింది. స్టాపు వచ్చింది, పోయింది. రెండో చెయ్యీ వదిలింది. సిమెంటు రోడ్డు మీద మోత పూర్తిగా పోలేదు గానీ, పక్కగదిలో ఎవరో గొణుగుతున్నంతకు తగ్గింది.

“ఏవండీ,” అంది. పగలంతా స్టాపుల పేర్లు అరిచే ఆమెకు ఇంత మెల్లని గొంతు ఉందని ఆయనకు అంతవరకు తెలియదు. “ఏదో కిర్రుమంటోంది.”

ఆయన చెవులు రిక్కించాడు. నిజమే, డాష్‌బోర్డు లోపల సన్నగా ఏదో కిర్రుమంటోంది.

“అది మొదటినుంచీ ఉండే ఉంటుందే. ఆ మోతలో వినబడలేదు,” అన్నాడు అపరాధిలా, అద్దంలో వెనక వస్తున్న బస్సును చూస్తూ.

ఆమె ముందుకు వంగి చెవి ఆనించింది. “ఉండండి, ఇక్కడ కాదు... మెల్లగా పోనివ్వండి. ఆ మలుపు మళ్లీ ఓసారి తిప్పండి.”

ఆయన తిప్పాడు. తమ వీధి వెనకబడింది.

“ఇల్లు దాటిపోయామే.”

“నాకు తెలుసులెండి, నడపండి. రేపు కూడా ఐదింటికే రండి. ఇదెక్కడిదో తేలేదాకా నేను దీన్ని వదిలేది లేదు.”