అమ్మ గంప బోర్లించిన రోజు

మా చిన్నప్పుడు... నౌపడ ఉప్పుమళ్లలో ఎండ ఎలా ఉండేదో చెబితే మీరు నమ్మరు. కింద ఉప్పు, పైన సూర్యుడు... మధ్యలో గంప నెత్తిన పెట్టుకుని మా అమ్మ. బడి లేని రోజు నేనూ వెంట వెళ్లి గట్టు మీద కూర్చునేదాన్ని. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల ముంత ఖాళీ అయిందా... ఇక సాయంత్రం దాకా నాలుక పిడచగట్టుకుపోవడమే!

అరవైల చివరి మాట ఇది. మళ్లలోకి తాగునీళ్ల బండి రావాలని ఉప్పు కూలీల సంఘం సమ్మె తలపెట్టింది. అంతకుముందోసారి ఒక్క మడివాళ్లే పని ఆపితే, పక్కవాళ్లకు తెలిసేలోపే మేస్త్రీ వాళ్లందర్నీ తీసేశాడు. అందుకే ఈసారి సంఘం పెద్ద సింహాచలం మావ ఒక గుర్తు పెట్టాడు. సోమవారం పొద్దున్నే రైల్వే స్టేషన్ పక్క మడిలో గంపలు బోర్లిస్తారు. అది చూసి పక్క మడి, దాన్ని చూసి ఆ పక్కది... కేకల్లేవు, జెండాల్లేవు.

మా అమ్మేమో నోట్లో నాలుక లేని మనిషి. మేస్త్రీ దగ్గితే చాలు, ఉలిక్కిపడేది.

శనివారం మధ్యాహ్నం... ఒంటిపూట బడి కదా, నేనూ గట్టు మీదే ఉన్నాను. అమ్మ పగిలిన మడమలోకి ఉప్పు దిగి కాలు భగ్గుమంది. పాపం, ఆ నొప్పిలో గుర్తు సంగతి మరిచిపోయి, గంప బోర్లించి దాని మీదే కూలబడింది. అంతే! అవతలి మడిలో ఆడవాళ్లు చూసి, సమ్మె ముందే మొదలైందనుకుని బోర్లించేశారు. వాళ్లను చూసి ఇంకో మడి...

"ఓలమ్మో! నానేటి సేసీసినాను!" అని గుండె బాదుకుంది అమ్మ.

సింహాచలం మావ రొప్పుతూ వచ్చాడు. "సోమారం కదేటే! ఎవులు సెప్పినారు నీకు?"

"కాలు మండిపోతే కూకున్నాను మావా..."

మావ తలెత్తి చూశాడు. స్టేషన్ దాకా ఒక్క గంపా కదలడం లేదు. పకపకా నవ్వేశాడు. "అయితే ఇంక లెగకే తల్లీ! నువ్వు లెగిస్తే అందరూ లెగిసిపోతారు!"

ఇంతలో మేస్త్రీ ఊడిపడ్డాడు. "లెగు! నేకపోతే రేపట్నించి నీకు పని నేదు!"

పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నాన్న లేడు మాకు. అమ్మ, పక్కకు చేరిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే... నాకు ఏడుపొచ్చింది.

"నీల్ల బండొచ్చీదాకా లెగను బాబూ..." అంది. గంప మీంచి కదల్లేదు.

అమ్మ లేవలేదు, ఎవరూ లేవలేదు. అందర్నీ తీసేస్తే ఉప్పు ఎత్తేదెవరు? మర్నాడు నీళ్ల పీపాలతో ఎడ్లబండి వచ్చాకే పనిలోకి దిగారు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు, గ్రూపులు... కబురు క్షణంలో ఊళ్లు దాటుతోంది. కానీ పక్కమనిషి కూలబడితే, ఎందుకని అడక్కుండా తామూ పని ఆపే మనుషులేరీ?

మీ అమ్మ కూడా ఎప్పుడైనా ఎవరి ముందైనా ఇలా "లేవను" అందా? అని ఉంటే... ఆ మాట ఇక్కడ చెప్పండి, చెవులారా వింటాను.