కుళ్లిన మిరపకాయలకు మూడు కొటేషన్లు

పదవీ విరమణకు మూడేళ్లుందనగా, ఒక జనవరిలో నన్ను వరంగల్‌లోని ఒక ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి కొనుగోళ్ల అధికారిగా బదిలీ చేశారు. సూది మొదలు మైక్రోస్కోపు దాకా శాస్త్రవేత్తలకు ఏం కావాలన్నా నా సంతకం పడాల్సిందే. చండశాసనుణ్ణన్న పేరు నాకంటే ముందే అక్కడికి చేరింది. దానికి లోలోపల మురిసిపోయాను కూడా.

మొదటి వారమే డాక్టర్ షబానా ఇండెంటు, అంటే ఫలానా వస్తువు కావాలని కోరే కాగితం, పట్టుకొని వచ్చింది. మిరపలో కాయకుళ్లు తెగులు మీద సర్కారు ఆమెకు మూడేళ్ల ప్రాజెక్టు ఇచ్చింది. కాగితంలో ఉన్నది: కుళ్లు సోకిన పండు మిరపకాయలు, పది కిలోలు. మూడు కొటేషన్లు జతచేయమన్నాను.

"సార్, కుళ్లిన కాయలకు కొటేషన్ ఎవరిస్తరు? నెక్కొండ దిక్కు రైతులు చేను గట్ల మీద పారబోస్తాండ్రు," అంది.

"రూలు రూలే బిడ్డా," అన్నాను.

మార్చి చివర సమీక్ష సంఘం కూర్చుంటుంది. ఫలితం చూపకపోతే రెండో విడత నిధులు రావు, ప్రాజెక్టు మూతపడుతుంది. చేలల్లో ఆఖరి ఏరుడు అయిపోతే మళ్లీ ఏడాది దాకా ఆ తెగులు కాయ దొరకదు. ఇదంతా ఆమె చెప్పింది, నేను విన్నాను, కొటేషన్లకే పట్టుబట్టాను.

కేసముద్రం మార్కెట్ వ్యాపారులు ముగ్గురు ధరలు పంపారు. అందరికంటే తక్కువ రాసిన వీరన్న సేటుకు ఆర్డరు వెళ్లింది. మూడు వారాలకు సంచి వచ్చింది. విప్పితే ఏముంది! నిగనిగలాడే ఎర్రటి కాయలు, ఒక్కదాని మీదా మచ్చ లేదు. షబానా కుర్చీలో కూలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

సేటుకు ఫోన్ చేసి గట్టిగా అడిగితే, ఆయన నాకంటే గట్టిగా అందుకున్నాడు. "సర్కారు ఆఫీసుకు కుళ్లిన సరుకు పంపుతనా సారూ? నాకు ఇజ్జత్ లేదా? మీ టైపోళ్లు తప్పు కొట్టిండ్రనుకొని, దగ్గరుండి ఏరిచ్చి మంచియి పంపిన!"

ఆ సాయంత్రం నియమావళి మళ్లీ తెరిచాను. కొటేషన్ల నియమానికి ఒక పేజీ ముందే ఉంది: చిన్న కొనుగోళ్లకు కొటేషన్లు అక్కర్లేదు, నాణ్యతా ధరా స్వయంగా చూసి తృప్తి చెందానని అధికారి రాసి సంతకం పెడితే చాలు. నాకు తెలియనిదేం కాదు. ఆడిట్ భయంతో సర్వీసులో ఒక్కసారీ ఆ సంతకం పెట్టలేదు, అంతే.

మర్నాడే షబానాతో జీపులో నెక్కొండ వెళ్లాను. కొమురమ్మ అనే రైతు చేనులో ఆఖరి ఏరుడు సాగుతోంది. కుళ్లిన కాయలకు డబ్బిస్తామంటే ఆమె నడుం మీద చేయి పెట్టుకొని నవ్వింది.

"గివి కొంటరా సారూ? మీ ఇంట్ల తెలిస్తే అన్నం పెడ్తరా? పైసలు వద్దు గని, ఈ రోగానికి జర మందేదో కనిపెట్టుండ్రి."

రసీదు లేకపోతే కుదరదని బతిమాలి, ఏరినందుకు కూలి గిట్టేంత ధర ఇచ్చి సంతకం తీసుకున్నాను. ఆఫీసుకు వచ్చి, గుప్పున వాసన కొడుతున్న ఆ సంచి పక్కన నిలబడి 'నాణ్యత తృప్తికరం' అని రాశాను. షబానా నవ్వు ఆపుకోలేకపోయింది.

సమీక్ష గట్టెక్కింది. తర్వాత వచ్చిన ఆడిటర్ ఆ కాగితం దగ్గర ఆగి, కుళ్లిన కాయల నాణ్యత ఎలా తేల్చారని అడిగాడు. వాసన చూశానన్నాను. రాసుకొని పేజీ తిప్పాడు.

మూడు కొటేషన్లు సర్కారు సొమ్మును కాపాడతాయని నమ్ముతూ సర్వీసంతా గడిపాను. ఆ జనవరిలో అవి కాపాడింది ఆడిట్ నుంచి నన్నే. సర్కారు ఇచ్చిన ప్రాజెక్టు మాత్రం నా బల్ల మీదే ఎండిపోబోయింది.