యంత్రాన్ని మోసగించిన పెద్దమనిషి

యంత్రాన్ని మోసగించారన్న అభియోగంపై వస్తారేమో గారిని సస్పెండ్ చేశారు. ఆయన్ను సంజాయిషీ అడగలేదు. మోసపోయిన యంత్రం వాంగ్మూలమూ తీసుకోలేదు.

వస్తారేమో అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఇంకా రాని మనిషి కోసం ఏర్పాట్లు చేయడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. రోగులను వీడియోలో డాక్టర్లతో కలిపే ఆయన ఆఫీసు ఆ జబ్బుకు పెట్టిన పేరది. లిఫ్టు ఎక్కితే తలుపు మూసుకోనివ్వరు. "ఉండండి, ఎవరైనా వస్తారేమో!" అని కాలు అడ్డం పెడతారు. లోపలున్నవాళ్ళు పళ్ళు నూరుకుంటారు. మీటింగుకు ఒక కుర్చీ అదనంగా ఈడ్చుకొస్తారు. ఒకసారి అందులో ఎక్కడిదో ఒక పిల్లి వచ్చి పడుకుంది. "చూశారా?" అని ఆయన సభనంతా విజయగర్వంతో కలియజూశారు.

ఇంట్లోనూ అదే వరస. "మా పెళ్ళిఫొటోలో నా పక్కన ఖాళీ కుర్చీ కూడా ఉంటుందమ్మా," అని ఆయన భార్య ఒకనాడు జూనియర్ ఇంజనీరుతో మొరపెట్టుకుంది.

"ఎవరికోసం ఆంటీ?"

"నాకంటే మంచిది వస్తుందేమోనని కాబోలు!"

ఈ జూనియర్ ఆయన కిందే పనిచేస్తుంది. పాత లెక్కలు చూసి జనం రాకపోకలు నేర్చుకుని, రద్దీకి ముందే సర్వర్లను లేపి, రద్దీ తగ్గగానే నిద్రపుచ్చే మెషిన్ లెర్నింగ్ మోడల్‌ను ఆమే తయారుచేసింది. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేది కాదు.

"ఒక్క సర్వరైనా మెలకువగా ఉంచమ్మాయ్. ఎవరైనా వస్తారేమో."

"ఎవరూ రారు సార్. మోడల్ చెప్పింది."

"రాలేకపోయినవాళ్ళ సంగతి దానికెలా తెలుస్తుంది తల్లీ?"

ఆమె నవ్వింది.

ఈ వాదన వినికిడి లేనివారి వీడియో లైను గురించి. రోగి తెరమీద సైగలతో తన బాధ చెబితే, దుబాసీ అమ్మాయి దాన్ని మాటల్లో డాక్టరుకు వినిపిస్తుంది. దానికి కాల్స్ రావడం లేదని మోడల్ ఆ లైను సర్వరును నిద్రపుచ్చింది. వాడకమే లేనప్పుడు లైనెందుకు, మూసేద్దామన్నాడు మేనేజరు.

అప్పుడు మొదలైంది కొత్త వింత. వస్తారేమో గారు అద్దాల గదిలో తెరముందు కూర్చుని చేతులు తిప్పడం ప్రారంభించారు. ఈగలు తోలుతున్నారని కొందరు, మతి చలించిందని కొందరు తీర్పు చెప్పారు. చివరికి తనిఖీలో తేలింది: నిద్రపోయిన ఆ లైనుకు మళ్ళీ మొదలైన కాల్స్‌లో తొలివన్నీ ఆయనవే.

"డాక్టరుతో ఏం పని మీకు?" అన్నాడు మేనేజరు.

"డాక్టరు దాకా పోలేదండీ. దుబాసీ అమ్మాయితో ముచ్చట్లు. సైగల్లో మా ఆవిడకు జ్వరమని చెప్పబోయి, మా ఆవిడ గేదె అన్నానట. పాపం, పడీపడీ నవ్వింది."

"లేని రద్దీ చూపించి మోడల్‌ను మోసం చేశారన్నమాట!"

"చేశానండీ."

అంతే, ఉత్తర్వు.

తన మోడల్‌కు జరిగిన అవమానానికి జూనియర్ మండిపడింది. అభియోగపత్రం తానే రాస్తానని కాల్స్ రికార్డులు తెరిచింది. తెరిచి, అభియోగం సంగతే మరిచిపోయింది.

నిద్రపోయే సర్వరు లేవడానికి సమయం పడుతుంది. అంతవరకూ తెర నల్లగా ఉంటుంది. అవతల జ్వరపడ్డ బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి ఎంతసేపని చూస్తుంది? కట్ చేస్తుంది. కలవని కాల్స్‌ను జూనియర్ లెక్కలోనే చేర్చలేదు. దాంతో ఎవరూ రావడం లేదని మోడల్ నేర్చుకుంది, మరింత గాఢంగా నిద్రపుచ్చింది. తలుపు బిగించి, చుట్టాలు రాలేదని నిష్ఠూరమాడే ఇల్లాలి తీరు! నల్లతెర ముందు ఓపిగ్గా కూర్చున్న ఆయన ముచ్చట్లతో సర్వరు మేలుకున్నాక అసలు మనుషుల కాల్స్ కలిశాయి. అవి పెరిగినకొద్దీ ఆయన కాల్స్ తగ్గుతూ వచ్చాయి. సస్పెండయ్యేనాటికి ఆయనవి దాదాపు ఆగిపోయాయి; లైను మాత్రం ఆగలేదు.

ఆమె పరుగున ఆయన ఇంటికి వెళ్ళింది. "తప్పు నా మోడల్‌దని ఎందుకు చెప్పలేదు సార్?"

"నీకు చెప్పాను కదమ్మాయ్. నవ్వావు."

"మేనేజరుకైనా చెప్పాల్సింది!"

"నీ ప్రమోషన్ కాగితం ఆయన బల్లమీదే ఉంది కదా. అది కాస్తా తేలనీ అని ఊరుకున్నా."

వంటింట్లోంచి ఆయన భార్య కేక వచ్చింది: "ఆ దుబాసీ అమ్మాయి ఎక్కడ కనబడినా నన్ను చూసి ఎందుకంత నవ్వుతుందో చెప్పరేం?"

వస్తారేమో గారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

కనుక, ఆ ఉత్తర్వుపై సంతకం పెట్టినవారికి చెప్పేదొకటే. విచారణ లేకుండా ఇచ్చారు కాబట్టి, విచారణ లేకుండానే రద్దు చేయండి. లైను మూసే ప్రతిపాదనను చింపేయండి. కలవని కాల్స్‌ను లెక్కలో చేర్చాలని ఆ జూనియర్ రాసిచ్చిన సవరణను ఆమోదించండి; తప్పు తనదేనని ఆమె సంతకం చేసి మరీ ఇచ్చింది, మీకు లేని అలవాటు. ఆయనకు క్షమాపణ ఆ లైను మీదే చెప్పండి, చేతులతోనే. సైగలు రావంటారా? దుబాసీ అమ్మాయి నేర్పుతానంది. నేర్చుకునేటప్పుడు ఆమె నవ్వుతుంది. భరించండి.